కంచంలో చెయ్యి

తలకి టోపీ పెట్టీ పెట్టగానే సుభద్రమ్మ మనసులోకి వచ్చిన మొదటి మాట ఒక తిట్టు. అచ్చులో పెట్టగలిగే తిట్టు కాదు లెండి. గాజు గోడకి అవతల కూర్చున్న డాక్టర్ ప్రభుదాస్ మాత్రం తన ముందున్న తెర ఒక్కసారిగా పచ్చగా వెలగడం చూసి సంబరపడిపోయాడు.

"అమ్మగారూ, టైటిల్ పాట ఇంకా వెయ్యనే లేదు. అప్పుడే మీకు ఎంత ఉద్వేగమో! ఇంతటి అభిమానిని నేను ఇంతవరకు చూడలేదు."

"అవును బాబూ. నాకు ఆ సీరియలంటే ప్రాణం" అంది సుభద్రమ్మ, పళ్ళు బిగించి. కట్టుడు పళ్ళే అనుకోండి, డెబ్భై అయిదేళ్ళ మనిషి. బిగించడంలో లోటేమీ లేదు.

ఆ టోపీ సంగతి కాస్త చెప్పుకోవాలి. మనిషి బుర్ర సినిమా రీలు కాదు, చూసిందంతా ఒకచోట చుట్టి పెట్టుకోవడానికి. పాట ఒక మూల, మొహం ఒక మూల, నవ్వు ఇంకో మూల పడేసుకుంటుంది. ఎప్పుడో విన్న పాట మళ్ళీ వినిపిస్తే ఆ మూలలన్నీ ఒక్కసారి మిణుకుమంటాయి. టోపీలోని నాలుగు వేల సెన్సార్లు ఆ మిణుకుల్ని పట్టుకుంటే, కంప్యూటర్ వాటిని బొమ్మలుగా, మాటలుగా మారుస్తుంది. ఒక్కరి జ్ఞాపకం చిల్లుల గుడ్డే. కానీ నాలుగు వందల మంది గుడ్డలు ఒకదాని మీద ఒకటి పరిస్తే, ఒకరి చిల్లుని ఇంకొకరు కప్పేస్తారు.

మరి జ్ఞాపకాలు తగువు పడితే? హీరో స్కూటరు నీలం అని ఒకరు, కాదు ఎరుపని ఇంకొకరు అంటే? అప్పుడు యంత్రం మెదడులో అమిగ్డలా అనే బాదంగింజంత ముక్క వైపు చూస్తుంది. ఉద్వేగం పుట్టే చోటు అది. ఎవరిది ఎక్కువ వెలిగితే వాళ్ళ మాటే నెగ్గుతుంది. ప్రేమగా చూసినవాళ్ళకే బాగా గుర్తుంటుందని ప్రభుదాస్ సిద్ధాంతం. పాపం, పెద్ద చదువులు చదివాడు గానీ పగంటే ఏమిటో ఎరగని ఇంట్లో పుట్టినట్టున్నాడు.

ఇంతకీ ఆ సీరియల్ పేరు 'మా స్టేషన్ రోడ్డు'. 1996లో మొదలై ఏడాదికి పైగా నడిచింది. ఆదివారం పొద్దున్న తొమ్మిదిన్నరకి అది వచ్చే వేళకి వీధుల్లో పిట్ట తిరిగేది కాదు. చిన్న ఊరు, ఒక రోడ్డు, ఆ రోడ్డు మీద పదిమంది మనుషులు, వాళ్ళ తగువులు. అంతే కథ. తరవాత ఆ ఛానెల్ మూతపడింది. టేపులు పెట్టిన గోడౌనులోకి తుఫాను నీళ్ళొచ్చి అరవై నాలుగు ఎపిసోడ్లూ బూజుముద్దలయ్యాయి. నలభై అయిదేళ్ళయింది. విశాఖపట్నంలోని ఈ ల్యాబులో ఇప్పుడు వాటిని జనం బుర్రల్లోంచి బయటికి తీస్తున్నారు.

సుభద్రమ్మకి ఆ సీరియల్తో సంబంధం ఏమిటంటే, అందులో ఉన్న సాంబారు సూరమ్మ ఆవిడే.

నటించింది ఆవిడ కాదండోయ్. ఎవరో నటించారు. కానీ ముక్కుకి రెండు వైపులా ముక్కుపుడకలు, భుజాన తువ్వాలు, చేతిలో గరిటె, గంటకి పదిమందిని కసిరే నోరు, అన్నీ సుభద్రమ్మవే. గోదావరి పక్కన కోటిపూడిలో ఆవిడ ఆ రోజుల్లో సుభద్రా మెస్ నడిపేది. గోడ మీద ఎర్ర అక్షరాలతో ఒకే ఒక్క నియమం రాయించింది: కంచంలో చెయ్యి కడగరాదు. పెరట్లో పంపు ఉంది, వెళ్ళి కడుక్కోవచ్చు. తిన్న కంచంలో నీళ్ళు పోసుకుని వేళ్ళు ముంచేవాణ్ణి ఆవిడ క్షమించేది కాదు. కలెక్టరైనా సరే.

కరెంటాఫీసులో కొత్తగా చేరిన గుమాస్తా చలపతి ఒక మధ్యాహ్నం ఆ పని చేశాడు. పాతిక మంది తింటూ ఉండగా సుభద్రమ్మ గరిటె ఎత్తి పట్టుకుని, "ఏవయ్యోయ్! కంచంలో చెయ్యి కడిగితే అన్నం ఏడుస్తుంది. మీ అమ్మ నేర్పలేదా?" అని కడిగి పారేసింది. అందరూ ఘొల్లున నవ్వారు. చలపతి ముఖం కందగడ్డయింది. మర్నాటి నుంచి మెస్సుకి రావడం మానేశాడు.

రెండేళ్ళ తరవాత టీవీలో 'రచన: చలపతి' అని పడింది.

అందులో సాంబారు సూరమ్మ నీళ్ళలో చింతపండు పిసికి సాంబారంటుంది. హీరో బుజ్జిబాబు గిన్నెలోకి తొంగిచూసి, "అమ్మా, ఇందులో పప్పు ఈదుతోందా, మునిగిపోయిందా?" అంటాడు. నవ్వులు. సూరమ్మ గరిటె ఎత్తి, "కంచంలో చెయ్యి కడిగితే అన్నం ఏడుస్తుంది!" అంటుంది. మళ్ళీ నవ్వులు. సుభద్రమ్మ సొంత మాట, సొంత గొంతు! దాన్ని కూడా ఎత్తుకుపోయాడు దొంగసచ్చినోడు.

ఊళ్ళో జనం మెస్సుకొచ్చి తినడం మానేసి, గిన్నెలోకి తొంగిచూసి నవ్వడం మొదలుపెట్టారు. పప్పు ఈదుతోందా అంటూ బ్యాంకువాళ్ళు వెళ్ళిపోయారు, బస్టాండువాళ్ళు వెళ్ళిపోయారు. ఏడాదిన్నరకి మెస్ మూతపడింది. మొగుడు వెంకన్న ఆ దిగులుతోనే పోయాడని ఆవిడ నమ్మకం. తరవాత పాతికేళ్ళు ఎక్కడో హాస్టల్లో, బోర్డు మీద పేరు లేని వంటింట్లో గరిటె తిప్పింది. తిప్పుతున్నంత సేపూ చలపతిని తిట్టుకుంది.

అలాంటి సీరియల్ని మళ్ళీ బతికిస్తున్నారని విన్నప్పుడు ఆవిడకి అన్నం సయించలేదు. మూడో రోజు మాత్రం లేచి కూర్చుని నవ్వింది. జనం జ్ఞాపకాల్లోంచి తీస్తారా? సరే, నా జ్ఞాపకం కూడా ఇస్తాను!

నాలుగు నెలలు సాధన చేసిందండీ ఆ మహాతల్లి. రోజూ మధ్యాహ్నం చాప మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, ఒక్కొక్క ఎపిసోడే తలుచుకుని దిద్దుకునేది. సూరమ్మ చేతిలో చిక్కటి సాంబారు, గరిటె పెడితే నిలబడేంత చిక్కన. బుజ్జిబాబు తిని లొట్టలు వేస్తాడు. తప్పుకూత కూసినందుకు సూరమ్మ వాడి చెంప ఛెళ్ళుమనిపిస్తుంది. ఇది బుర్రలోకి బాగా ఎక్కించుకుని యంత్రంలో పడేస్తే, ఇక ముందు ప్రపంచం చూసే సూరమ్మ ఇదే. చచ్చేలోగా తన పేరు మీది మచ్చ కడుక్కోవాలి. చలపతి రాతని చలపతి చూస్తుండగానే మార్చెయ్యాలి. ఆవిడ కోరినది అంతే.

పదకొండు సిట్టింగులకి వెళ్ళింది. బయట హాల్లో తమ వంతు కోసం కూర్చున్న అభిమానులు గంటలు గంటలు వాదించుకునేవాళ్ళు.

"మొదటి ముప్ఫై ఎపిసోడ్లే ఎపిసోడ్లండీ. పెళ్ళి చేశాక చప్పబడిపోయింది" అనేవాడు అభిమాన సంఘం అధ్యక్షుడు గుర్నాథం. రిటైరైన పోస్టుమాస్టరు.

"అందులో ఆడవాళ్ళందరూ గయ్యాళులే. చిన్నప్పుడు పడీ పడీ నవ్వాను గానీ, ఇప్పుడు చూస్తే కోపం వస్తుందేమో. అయినా చూడాలనే ఉంది" అనేది ఒక లెక్చరరు.

"మా నాన్నగారు నవ్వగా నేను చూసింది ఆ అరగంటేనండీ" అని ఇంకొకాయన కళ్ళు తుడుచుకునేవాడు.

సుభద్రమ్మ అందరికీ తల ఊపుతూ, 'కానివ్వండి, మీ సంబరం మీరు పడండి, నా చెంపదెబ్బ వస్తోంది' అనుకునేది.

ఆర్నెల్ల తరవాత పిలుపొచ్చింది. ప్రభుదాస్ ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, పన్నెండో ఎపిసోడ్ వేశాడు.

తెర మీద స్టేషన్ రోడ్డు. మెస్సు గోడ, గోడ మీద బల్లి, సూరమ్మ తువ్వాలు మీద పసుపు మరక. ప్రతిదీ అద్దంలో చూసినట్టుంది. బుజ్జిబాబు గిన్నెలోకి తొంగిచూశాడు.

"అమ్మా, ఇందులో పప్పు ఈదుతోందా, మునిగిపోయిందా?"

సుభద్రమ్మ కుర్చీలో ముందుకి జరిగింది. "ఇదేంటి? చిక్కటి సాంబారేది? చెంపదెబ్బేది?"

ప్రభుదాస్ బొమ్మ ఆపేశాడు. "అవి కూడా యంత్రానికి అందాయి అమ్మగారూ. కానీ మసకగా. మాకూ మొదట అర్థం కాలేదు. మనిషి ఒక అబద్ధాన్ని బుర్రలో పెట్టుకోవాలంటే, దేన్ని మార్చాలో ఆ నిజాన్ని ముందు బయటికి తియ్యాలి కదా? మీరు నెలల తరబడి రోజూ తీసినట్టున్నారు. తీసినప్పుడల్లా అది తోమిన ఇత్తడి బిందెలా ఇంకాస్త మెరుగెక్కింది. అబద్ధం పైపూతలా రాలిపోయింది, బిందె తళతళలాడుతోంది."

"అయితే తీసెయ్యి. నాది మొత్తం తీసెయ్యి."

"తీసేస్తే ఏమీ మిగలదండీ" అన్నాడతను చిన్నగా. "అరవై నాలుగింట్లో అరవై ఒకటి వచ్చాయి. అందులో మూడొంతులు మీ బుర్రలోంచే వచ్చాయి. మిగతావాళ్ళకి గుర్తున్నది పాట, స్కూటరు, వాళ్ళ నాన్నల నవ్వులు. పొద్దున్నే సంఘం వాళ్ళందరికీ కాపీలు వెళ్ళిపోయాయి కూడా."

"నా సూరమ్మని జనం ఎట్లా గుర్తుపెట్టుకున్నారు? అది చెప్పు."

"మీరు రాకముందు సూరమ్మ మొత్తం నలభై సెకన్లండీ. 'మెస్సులో ఎవరో ఒకావిడ ఉండేది' అన్నారు. మొహం లేదు. పేరు కూడా ముగ్గురే చెప్పారు."

"మరి పప్పు ఈదుతోందా అన్న మాట?"

"అది ఎవరికీ గుర్తులేదమ్మా. మీకు తప్ప."

సుభద్రమ్మ కాఫీ గ్లాసు కింద పెట్టింది. నలభై అయిదేళ్ళుగా ఎవడు తనని చూసి నవ్వినా ఆ మాటకే నవ్వుతున్నాడని అనుకుంది. బస్సులో, పెళ్ళిళ్ళలో, ఆస్పత్రి వరసలో. వాళ్ళంతా దేనికి నవ్వారో మరి! మంట ఆరిపోయిన పొయ్యి ముందు ఇంత కాలం కూర్చుని, తనే ఊది ఊది నిప్పు రాజేసింది. ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. ప్రభుదాస్ మీద, గుర్నాథం మీద, అన్నిటికన్నా తన జ్ఞాపకశక్తి మీద.

సన్మానం మాత్రం తప్పలేదు. వచ్చిన ఆదివారం సంఘం వాళ్ళు పెద్ద హాలు తీసుకుని, పది ఎపిసోడ్లు వేసి, మధ్యాహ్నం భోజనాలు పెట్టారు. గుర్నాథం ఆవిడకి శాలువా కప్పి, "ఈ తల్లి ప్రేమ లేకపోతే మన స్టేషన్ రోడ్డు లేదు!" అని మైకులో అరిచాడు. చప్పట్లు మోగిపోయాయి. శాలువా కప్పించుకోవడానికి ఆవిడ రాలేదు. చలపతి వస్తున్నాడని తెలిసి వచ్చింది. రాత మారకపోతే పోయింది, మనిషి దొరుకుతాడు కదా. నలభై అయిదేళ్ళ తిట్లు వరసగా సిద్ధం చేసుకుని కూర్చుంది.

చలపతిని కూతురు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, భోజనాల బల్ల దగ్గర సుభద్రమ్మ పక్కనే కూర్చోబెట్టింది. చిక్కి సగమయ్యాడు. కళ్ళు మాత్రం గుండ్రంగా, కొత్త ఊరికి వచ్చినవాడిలా ఉన్నాయి.

"నాన్నకి అయిదేళ్ళుగా జ్ఞాపకం లేదండీ. టోపీ పెట్టి చూశారు, సీరియల్ ముక్క ఒక్కటీ దొరకలేదు. ఇందాక చూస్తూ అందరికన్నా ఎక్కువ నవ్వారు" అంది కూతురు.

చలపతి సుభద్రమ్మ వైపు వంగి, "భలే ఉందండీ నాటకం. ఎవరు రాశారు?" అన్నాడు.

"నువ్వే రాశావు."

"ఛ, ఊరుకోండి. నేను కరెంటాఫీసులో గుమాస్తానండీ, ఆయ్. నిన్ననే చేరాను." గొంతు తగ్గించాడు. "ఆ మెస్సావిణ్ణి మాత్రం అంత హీనంగా రాసి ఉండకూడదండీ. నేను తినేది సుభద్రా మెస్సులో. ఆవిడకి నోరెక్కువ గానీ, సాంబారు... ఏం చెప్పమంటారు!"

సుభద్రమ్మ సిద్ధం చేసుకున్న తిట్లలో మొదటిది నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. ఎవణ్ణి తిట్టాలి? రాసినవాడు ఈ మనిషిలో లేడు. వాడు ఇప్పుడు తన బుర్రలో తప్ప ఇంకెక్కడా లేడు.

ఆవిడ అలా చూస్తూ ఉండగానే చలపతి పెరుగన్నం ముగించి, గ్లాసెత్తి, కంచంలో నీళ్ళు పోసుకుని, వేళ్ళు ముంచాడు.

అంతే. సుభద్రమ్మ లేచి నిలబడింది. శాలువా జారి కింద పడింది. చేతికందిన గరిటె పైకెత్తింది.

"ఏవయ్యోయ్! కంచంలో చెయ్యి కడిగితే అన్నం ఏడుస్తుంది. మీ అమ్మ నేర్పలేదా?"

హాలంతా ఆవిడ వైపు తిరిగింది. వెంటనే ఘొల్లుమంది. జనం కుర్చీలెక్కారు, ఫోన్లు ఎత్తారు, ఈలలు వేశారు. "అచ్చం సూరమ్మేనండీ! గొంతు కూడా దింపేశారు! మళ్ళీ అనండమ్మా, మళ్ళీ!" అని గుర్నాథం కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వాడు. "నిజంగానే అంటున్నాన్రా, అది నా మాటరా!" అని ఆవిడ అరిచింది. ఆ అరుపుకీ చప్పట్లే పడ్డాయి.

ఆ గోలలో చలపతి మాత్రం నవ్వలేదు. పాతికేళ్ళ కుర్రగుమాస్తాలా ముఖం కందిపోయి, తడిచెయ్యి కంచంలోంచి లాక్కుని, ఆవిడ ముఖంలోకి చూశాడు. గుర్తుపట్టాడు. పెదాలు కదిలాయి. ఆవిడ పేరో, తప్పయిపోయిందనో, ఏదో అన్నాడు.

చప్పట్లలో వినపడలేదు. సుభద్రమ్మ వంగి, చెవి ఆయన నోటి దగ్గర పెట్టి, "ఏవిటన్నావు? మళ్ళీ చెప్పు!" అంది.

చలపతి గుండ్రటి కళ్ళతో ఆవిణ్ణి చూసి, "కొంచెం మజ్జిగ ఉంటే పొయ్యండమ్మా" అని గ్లాసు చాపాడు.