గోడ మీది ఆఖరి బొమ్మ

అనంతగిరి ముసాఫరు బంగళా వరండాలో వరహాలరావు ఇంకా పళ్లు తోముకుంటుండగానే జగన్నాథరావు పరుగున వచ్చాడు. విశాఖపట్నం కోర్టులో ముప్పై ఏళ్లు ఏ జడ్జీకీ జంకకుండా వాదించిన మనిషి, కండువా జారిపోయిన సంగతి కూడా తెలియకుండా మంచులో నిలబడి వణుకుతున్నాడు.

"రావుగారూ, నా పరువు గంగలో కలిసేలా ఉంది. గణపతిరావు చిత్రాన్ని ఎవరో కోసేశారు."

వరహాలరావు నోరు పుక్కిలించి అడిగాడు. "అనుమానం ఎవరి మీద?"

"అనుమానం ఏముంది! ఆ కొండమనిషి పనే. కాఫీ గోదాములో పెట్టి తాళం వేయించాను. సాయంత్రం నాలుగింటికి ప్రదర్శన ప్రారంభించడానికి దొరగారు వస్తున్నారు. వెంట పోలీసులు ఉంటారు. వాళ్లకు అప్పగించేలోగా మీరొకసారి చూసి, నేను చేసింది తప్పు కాదంటే చాలు."

ఆఖరి మాట దగ్గర ఆయన గొంతు తగ్గింది. తప్పు కాదని గట్టిగా నమ్మినవాడు దాన్ని ఇంకొకరి చేత చెప్పించుకోడు. అది 1927 నవంబరు. మన్యంలో పితూరీ అణిగి మూడేళ్లే అయింది. పోలీసుల వెంట కొండ దిగినవాళ్లు తిరిగి రావడం గురించి అక్కడెవరూ పెద్ద ఆశ పెట్టుకోరు. ఆ సంగతి జగన్నాథరావుకూ తెలుసు.

వరహాలరావు విజయనగరంలో పేరున్న ప్రైవేటు డిటెక్టివు. పాత స్నేహం కొద్దీ ఈ ప్రదర్శన చూడటానికి అతిథిగా వచ్చాడు. వెంట ఆయన సహాయకుడు సత్యనారాయణ ఉన్నాడు. ఇతగాడు నలభయ్యో ఏట కోర్టు గుమాస్తాగిరీ మానేసి వరహాలరావు దగ్గర చేరాడు. గురువుగారు తుమ్మినా అందులో ఏదో ఆధారం ఉందని నోటుపుస్తకంలో రాసుకునే రకం.

జగన్నాథరావు కాఫీతోట బంగళా హాల్లో పెట్టిన ఈ ప్రదర్శన ఆయన బుర్రలో పుట్టిన ముచ్చట. ముగ్గురు వేరువేరు మనుషులు ఒకే విషయం మీద వేసిన బొమ్మలను ఒకే గదిలో పెడితే, అవి వాటిలో అవి మాట్లాడుకుంటాయని ఆయన నమ్మకం. విషయం కొత్తల పండగ, అంటే కొత్త ధాన్యం మొదటిసారి వండుకుని తినే రోజు. ఒక గోడకు విజయనగరం బాలికల బడిలో డ్రాయింగు పంతులమ్మ ఈశ్వరమ్మ వేసిన నీటిరంగుల బొమ్మలున్నాయి. ఇంకో గోడకు మద్రాసులో వెండి పతకం తెచ్చుకున్న గణపతిరావు తైలవర్ణ చిత్రం ఉంది. దానికి ఎదురుగా ఉన్న గోడను ఎర్రమట్టితో అలికించి, వాగవతలి గూడెం నుంచి ఒక స్త్రీని పిలిపించి, బియ్యప్పిండి ముగ్గులాంటి బొమ్మలు వేయిస్తున్నారు.

మొదటి రెండు గోడల మీదా పేర్లు రాసిన అట్టలున్నాయి. మూడో గోడ అట్ట మీద మాత్రం "కొండజాతి స్త్రీ" అని ఉంది. జగన్నాథరావు వెంట ఆ హాల్లోకి వచ్చిన వరహాలరావు దాన్ని ఒకటికి రెండుసార్లు చదివాడు.

"ఆవిడకు పేరు లేదా?"

"ఉండే ఉంటుంది," అన్నాడు జగన్నాథరావు. "పైడయ్యకు తెలుసు."

తైలవర్ణ చిత్రంలో ఒక గుడిసె గోడ, దాని మీద తెల్లటి మనుషుల వరస. చేతులు పట్టుకుని ధింసా ఆడుతున్నారు. ఆ వరసకు కుడి పక్కన అరచేతి వెడల్పున, జానెడు పొడవున గుడ్డ ఎగిరిపోయింది. నాలుగు అంచులూ కొలిచినట్టున్నాయి. పక్కనున్న మనిషి చెయ్యి కూడా తెగలేదు. చిత్రం చట్రం మీద ఎర్రటి అయిదు వేళ్ల గుర్తు ఉంది. కింద బల్ల మీద అడ్డాకు దొప్పలో గుప్పెడు సామలు ఉన్నాయి.

"ఎర్రమట్టి చెయ్యి!" సత్యనారాయణ ఆ గుర్తును వేలితో తాకాడు. వేలు ఎర్రబడింది. "ఇంక వెతికేదేముంది గురువుగారూ?"

"ఇల్లలకగానే పండగ కాదు సత్యం," అన్నాడు వరహాలరావు.

తోట బంగళా కావలి మనిషి పైడయ్య చేతులు నలుపుకుంటూ వచ్చాడు.

"నిన్న సందేళ సూసినాను బాబూ. ఆ సోములమ్మ ఈ పటం కాడ నిలబడి ఏడిసింది. ఆ దొప్ప అదే ఎట్టింది. ఏటే, ఏటైంది అంటే పలకనేదు."

"గదికి తాళం వేశావా?"

"ఏసినాను బాబూ. తాళంచెవి వంటింట్లో మేకుకుంటాది. ఇంట్లో అందరికీ ఎరికే."

ఇంట్లో అందరూ అంటే ముందుగదుల్లో ఈశ్వరమ్మ, గణపతిరావు, వెనక వరండాలో సోములమ్మ. ఈశ్వరమ్మ అడగకముందే మొదలుపెట్టింది.

"నాకు ఆయనంటే గిట్టదండీ, దాచను. మద్రాసు పోటీలో నా బొమ్మలూ ఉన్నాయి. కానీ కత్తి పట్టుకునేంత కాదు."

"తెగిపోయిన చోట ఏముండేదో గుర్తుందా అమ్మా?"

"లేకేం! కుంటిపిల్ల. ఒక కాలు పొట్టి. అందరూ ఆడుతుంటే ఆ పిల్ల కర్ర మీద ఆనుకుని ఎడంగా నిలబడి ఉండేది. చిత్రానికి ప్రాణం ఆ పిల్లేనని జడ్జీలు రాశారు. ఆలోచన ఎలా వచ్చిందని అడిగితే కలలో కనిపించిందన్నాడు ఈయన."

గణపతిరావు సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. ఆ చలిలో కోటు గుండీలన్నీ పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్నాడు.

"పోనివ్వండి," అన్నాడు. "మూలన ఒక జానెడే కదా. ఆకుల తోరణం కడితే కనపడదు. ఆవిడను పోలీసులకు అప్పగించొద్దు. గూడేనికి పంపించెయ్యండి, చాలు. ఇప్పుడే పంపించెయ్యండి."

"ఎంత పెద్ద మనసండీ!" అన్నాడు జగన్నాథరావు. సత్యనారాయణ ఆ మాట కూడా రాసుకున్నాడు.

గోదాములో కాఫీ పళ్ల పులిసిన వాసన. సోములమ్మ గోనెసంచుల మధ్య గొంతుకూర్చుని ఉంది. యాభై దాటిన మనిషి. ముక్కుకు రెండు వైపులా పోగులు.

"చేతులు చాపు," అని సత్యనారాయణ గద్దించాడు. ఆమె చాపింది. అటు తిప్పి, ఇటు తిప్పి సంతలో సరుకు చూసినట్టు చూశాడు. గోళ్ల సందుల్లో పిండి ఎండి తెల్లగా ఉంది. "ఎరుపు కడిగేసుకుంది గురువుగారూ, చూశారా!" అని పుస్తకంలో "దోషి చేతులు కడుగుకొనినది" అని గుండ్రంగా రాసి కింద గీత కూడా గీశాడు.

వరహాలరావు ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. "సోములమ్మా, ఎర్రమట్టి ఎప్పుడు ముట్టుకున్నావు?"

"మూడు నాళ్లయింది బాబూ. తెలుపెట్టినాక ఎరుపు ముట్టకూడదు. బొమ్మలన్నీ అయ్యేదాకా ముట్టకూడదు. కుండ కడిగి బోర్లించేసినాను."

"పటం దగ్గర సామలు ఎందుకు పెట్టావు?"

"కొత్తలు కదా. ఆకలేత్తాది."

"ఎవరికి?"

ఆమె మొహం తిప్పుకుంది. అటే చూస్తూ గొణిగింది. "ఇంకొక్క బొమ్మ ఉంది బాబూ. బేగి యేసేసి పోతాను. పొద్దుగుంకితే పనికిరాదు."

"అబ్బో, షరతులు కూడానా!" అన్నాడు సత్యనారాయణ. వరహాలరావు అతని వైపు చూసిన చూపులో మామూలు వాత్సల్యం లేదు.

మధ్యాహ్నం భోజనానికి లేచేసరికి సత్యనారాయణ వేలి మరక అలాగే ఉంది. నీళ్లతో తోమాడు. బూడిద పెట్టి తోమాడు. కుంకుడు రసం కూడా అయింది. "ఏం మట్టండీ ఇది, జిడ్డు వదలదు!" అని విసుక్కున్నాడు. వరహాలరావు ఆ వేలు పట్టుకుని వాసన చూసి వదిలేశాడు. తర్వాత పెరట్లోకి వెళ్లి బోర్లించిన కుండ ఎత్తి చూశాడు. లోపల పొడిగా ఉంది. అడుగున సాలీడు గూడు కట్టుకుని ఉంది. ఇంతకు మించి ఆయన వెతికింది లేదు.

మూడింటికి అందరినీ హాల్లోకి రమ్మన్నాడు. సోములమ్మను కూడా రప్పించాడు.

"దొరగారు రావడానికి ఇంకా గంట ఉంది," అన్నాడు. "ముందు ఈ గుర్తు సంగతి చూద్దాం. ఇది మట్టి కాదు. మట్టయితే నీళ్లకు పోవాలి. సత్యం పొద్దుటి నుంచి తోముతున్నాడు, పోలేదు. పైగా అవిసెనూనె వాసన వేస్తోంది. ఇది గొట్టంలోంచి తీసిన తైలవర్ణం. సోములమ్మ మీదికి నెట్టాలని పెట్టిన గుర్తు. పెట్టినవాడికి ఆవిడ పని తెలియదు. ఎర్రగోడ చూశాడు కాబట్టి ఆవిడ చేతులు ఎర్రగా ఉంటాయనుకున్నాడు. తెలుపు మొదలుపెట్టాక ఆవిడ ఎరుపు ముట్టదు. కుండలో సాలీడు ఆ మాటకు సాక్షి."

సత్యనారాయణ నోటుపుస్తకం మెల్లగా మూసేశాడు.

"తైలవర్ణాలు గణపతిరావుగారివే కదా!" అంది ఈశ్వరమ్మ. "నిన్న ఆయన పెట్టె బల్ల మీదే ఉంది. ఎవరైనా తీసుండొచ్చు."

"తీసుండొచ్చు. ఇప్పుడు కోత చూడండి. కసి ఉన్న చెయ్యి అడ్డంగా చీల్చేస్తుంది. ఇక్కడ పక్కవాడి వేలు కూడా తెగలేదు. కోసినవాడికి ఈ చిత్రమంటే ప్రేమ. చిత్రానికి ప్రాణమని జడ్జీలు రాసిన పిల్ల పోతే, చిత్రకారుడు మూలన ఒక జానెడే కదా అన్నాడు. ముక్క ఎక్కడుందని ఒక్కసారైనా అడగలేదు. ఆవిడను పంపించెయ్యండి, ఇప్పుడే పంపించెయ్యండి అని మాత్రం తొందరపడ్డాడు. ఎందుకు?" వరహాలరావు సోములమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, నీ ఆఖరి బొమ్మ వెయ్యి."

ఆమె నమిలి కుంచె చేసుకున్న పుల్లను పిండిలో ముంచింది. అందరూ చూస్తున్నారు. తల వేసింది. ఒళ్లు వేసింది. ఒక కాలు వేసింది. రెండో కాలు సగంలో ఆపింది. చేతి కింద ఒక కర్ర గీసింది. ధింసా వరసకు కుడిపక్కన, కాస్త దూరంగా, కుంటిపిల్ల నిలబడింది. ఎదుటి గోడ మీది చిత్రంలో ఉన్న వరసకూ ఈ వరసకూ ఒక్క వేలు తేడా లేదు. ఈశ్వరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఒకే విషయం మీది బొమ్మలు ఒకే గదిలో పెడితే మాట్లాడుకుంటాయని మీరన్నారు జగన్నాథరావుగారూ. మాట్లాడుకున్నాయి. ఆడేవాళ్ల వరస ఏ గూడెం గోడ మీదైనా ఉంటుంది కాబట్టి ఇప్పటిదాకా ఎవరికీ అనుమానం రాలేదు, కానీ ఈ పిల్ల పూర్తయితే ఆ కల ఎవరిదో చూసినవాళ్లకల్లా తెలిసిపోతుంది. అందుకని తన గోడ మీది పిల్లను కోసేసి, ఈ గోడ మీదికి పిల్ల రాకుండా చెయ్యాలనుకున్నాడు. ఆ ముక్కను కాల్చడానికి చేతులొచ్చి ఉండవు. ఈ గదిలోనే ఉందని నా నమ్మకం."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, గణపతిరావు చెయ్యి కోటు లోపలిజేబు మీదికి పోయింది. పోయాక తనే చూసుకుని దించేశాడు. ఎవరూ అతని వైపు అడుగు వెయ్యలేదు. అతనే గుండీలు విప్పి, చుట్టచుట్టిన గుడ్డముక్క తీసి బల్ల మీద పెట్టాడు.

"రెండేళ్ల కిందట," అని మొదలుపెట్టాడు. "చలిజ్వరంతో వీళ్లింట్లో తొమ్మిది రోజులు పడి ఉన్నాను. ఈవిడే అంబలి తాగించింది. పడుకుంటే ఎదురుగా ఆ గోడే. అంతా గీసుకున్నాను. ఈ ఒక్కతి ఎందుకు పక్కన నిలబడిందని అడిగాను. నా గుంట, పోయింది, ఆడలేకపోయేది అని తన కూతురి గురించి చెప్పింది. నాతో చెప్పింది. నేను మద్రాసు వెళ్లి కలలో కనిపించిందన్నాను. మొన్న ఇక్కడికి వచ్చినప్పుడు ఈవిడ నన్ను చూసి, జరం తగ్గిందా బాబూ అని అడిగింది. నేను గుర్తుపట్టనట్టు లోపలికి వెళ్లిపోయాను."

అతను ఏడవలేదు. ఏడ్చి ఉంటే అక్కడున్నవాళ్లకు కొంచెం తేలికగా ఉండేది. సిగ్గుతో అతని చెవులు ఎర్రగా కందిపోయాయి. జగన్నాథరావు చేతిలోని గోదాము తాళంచెవిని ఎక్కడ దాచాలో తెలియక పిడికిట్లో నొక్కుకున్నాడు.

వరహాలరావు మెల్లగా అడిగాడు. "సోములమ్మా, నిన్న ఈ పటం చూసినప్పుడే నీకు తెలుసు కదా. పొద్దున మాతో ఎందుకు చెప్పలేదు?"

"ఏటని సెప్పేది బాబూ? నా గుంట అంత దూరం పోయి, పెద్దోల్ల ఇంట్లో కూకుని తిరిగొచ్చిందనుకున్నాను. తిండెట్టినాను. కోసేత్తారని నాకేటెరిక?" ఆమె గణపతిరావు వైపు చూసింది. "అడిగుంటే ఇచ్చేదాన్నే గదా బాబూ."

గణపతిరావు బల్ల మీది ముక్కను ఆమె వైపు జరిపాడు.

సోములమ్మ బల్ల మీది ముక్కను విప్పి అరచేత్తో సాపు చేసింది. మిగిలిన బియ్యప్పిండిని వేలితో అంచులకు రాసి, చిత్రం దగ్గరికి వెళ్లి, ఆ పిల్లను ఆ పిల్ల చోట్లో అతికించింది. అతుకు తెల్లగా పైకి కనపడుతూనే ఉంది. తర్వాత దొప్ప తీసి రెండు గోడలకూ మధ్య పెట్టింది.

జగన్నాథరావు వెళ్లి మూడో గోడ అట్ట పీకేశాడు. కొత్త అట్ట మీద "సోములమ్మ" అని రాశాడు. మూడు వారాలు ఆయన ఇంట్లో పనిచేసిన మనిషి పేరు, పైడయ్యను అడక్కుండా రాయడం అదే మొదటిసారి. గణపతిరావు తన అట్ట తీసుకున్నాడు. పేరు కొట్టేసి, "గోడ సోములమ్మది. దొంగిలించి వేసినది గణపతిరావు" అని రాసి తలెత్తాడు.

"ఆ పిల్ల పేరేమిటమ్మా?"

రెండేళ్లలో అతను అడగని ప్రశ్న అది.

"కనక," అంది సోములమ్మ.

అతను ఆ పేరు అన్నిటికన్నా పైన రాశాడు. అంతలో గేటు దగ్గర గుర్రాల చప్పుడైంది. అట్ట తీసెయ్యమని ఎవరూ అనలేదు.

మర్నాడు బండిలో ఘాటు దిగుతుండగా సత్యనారాయణ నోటుపుస్తకం తీసి, గుండ్రటి అక్షరాల కింద తను గీసిన గీతను చాలాసేపు చూశాడు. తర్వాత ఆ కాగితం చించబోయాడు.

"ఉంచు," అన్నాడు వరహాలరావు. "పోనీ, ఆ వేలి మరకకు టర్పెంటైన్ రాస్తే నిమిషంలో పోతుంది. నా పెట్టెలో ఉంది, ఇవ్వనా?"

సత్యనారాయణ ఆ వేలిని పిడికిట్లో ముడుచుకున్నాడు.

"వద్దులెండి గురువుగారూ. దానంతట అది పోయేదాకా ఉండనివ్వండి."