ఆది చొక్కా

కుట్టుమిషను ముందు కూర్చున్న అత్తగారి చూపు సూది మీద లేదు. ఎదురుగా అద్దం ముందు కోడలు బుగ్గలకి పౌడరు దట్టిస్తోంది. మొక్కల నర్సరీలో పనికి వెళ్లే పిల్లకి పొద్దున్నే ఇంత పౌడరెందుకు?

"ఇటు తిరుగు."

"ఎండకి కమిలిందత్తయ్యా," అంది కోడలు తిరక్కుండానే.

"రెండు బుగ్గలూ ఒకేలాగా? మరి మోచేతి మీద ఆ నల్లమచ్చ?"

"కుండీ తగిలింది."

ఇలాంటి జవాబులు ఆవిడకి కొత్త కాదు. ఒకప్పుడు పక్కింటావిడతో తనూ తలుపు తగిలిందని చెప్పేది. కొట్టిన మొగుడు పోయి ఏళ్లయింది. ఆయన చొక్కా మాత్రం మేకుకి వేలాడుతూనే ఉంది. దాన్నే కొలతకి ఆదిగా పెట్టుకుని కొడుక్కి చొక్కాలు కుడుతుంది.

అంతలో కొడుకు వెల్డింగు షాపుకి బయల్దేరుతూ భార్య చెవిలో అన్నాడు. "అమ్మకి అప్పుడే చెప్పకు."

ఆ మాట ఆవిడ చెవిన పడి మిషను ఆగిపోయింది. ఆవిడ లేచి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఏంట్రా నాకు చెప్పకూడనిది? దీనిమీద చెయ్యి చేసుకున్నావా?"

"అమ్మా!"

"అచ్చం మీ నాన్నవే! పిల్లా, బట్టలు సర్దుకో. మీ అమ్మ దగ్గర నేనే దింపుతాను."

"ఆయనేం చెయ్యలేదత్తయ్యా..."

"నేనూ అలాగే అనేదాన్ని!"

కొడుకు మొహం పాలిపోయింది. "ఇవాళ దీని రిపోర్టులొస్తాయి. నువ్వూ రా. డాక్టరమ్మ నోటితోనే విందువుగాని."

బస్సులో ఇద్దరి మధ్యా ఆవిడే కూర్చుంది, కోడలి చెయ్యి వదలకుండా.

"లూపస్," అంది డాక్టరమ్మ. "బుగ్గల మీది ఎరుపూ, ఊరికే కమిలే మచ్చలూ దానివల్లే. ఒంట్లో రోజూ కొన్ని కణాలు చచ్చిపోతాయి. వాటిని ఒళ్లే శుభ్రం చేసుకుంటుంది. ఈ అమ్మాయిలో ఆ పని సరిగ్గా జరగక, వాటి లోపలి సరుకు బయటపడుతోంది. కాపలా కాసే వ్యవస్థ దాన్ని శత్రువనుకుని యాంటీబాడీలు తయారుచేస్తుంది. అవి సొంత ఒంటినే దెబ్బతీస్తాయి."

"అంటే... చచ్చినవాటిని ఊడ్చెయ్యక, బతికున్నవాటి మీద పడుతుందా?" అడిగింది అత్తగారు.

"దాదాపు అంతే. మందులు మానకూడదు. ఎండలో తిరగకూడదు. అశ్రద్ధ చేస్తే కిడ్నీలకి ముప్పు."

బయట వరండాలో కొడుకు గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"ఖాయమయ్యాక చెబుదామనుకున్నామమ్మా. నువ్వు బెంగపడతావని." అతను తల్లి వైపు తిరిగాడు. "నేనెప్పుడైనా ఇంట్లో గొంతెత్తానా?"

ఎంత వెతికినా ఆవిడకి అలాంటి రోజు ఒక్కటీ గుర్తుకురాలేదు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇంటికి రాగానే కోడలికి పొడుగు చేతుల చొక్కాకి కొలతలు తీసింది. తర్వాత కొడుకుని పిలిచింది.

"నాకెందుకమ్మా? ఆది ఉందిగా."

ఆవిడ అతని భుజాల మీద టేపు పెట్టింది. ఇన్నాళ్లూ కుట్టినదానికంటే ఎంతో తక్కువ వచ్చింది.

"ఇంత వదులు చొక్కాలు ఎలా తొడుక్కున్నావురా?"

"నువ్వు కుట్టావుగా."

ఆవిడ మేకు మీది చొక్కా తీసి, కత్తెరతో నిలువునా చీల్చి, మిషను తుడుచుకునే గుడ్డల్లో పడేసింది. కళ్లు తుడుచుకుని మళ్లీ టేపు అందుకుంది.

"కదలకు. ఛాతీ కొలవాలి."