ఎనిమిదేళ్ళ మీరు

"నాకొద్దు! ఈ మనిషి చేతి మందు నాకొద్దు!" అంటూ పార్వతమ్మ మంచం మీద నుంచే గ్లాసు విసిరికొట్టింది. కషాయం గచ్చంతా చిందింది. కోడలు శ్యామల కిందపడిన గ్లాసు తీసుకుని, ఎప్పటి గొంతుతోనే అంది. "మళ్ళీ కలిపి తెస్తానండీ, అత్తయ్యగారూ!"

"విన్నావా నాగేశ్వర్ రావూ! ఎనిమిదేళ్ళుగా ఇదే వరస... ఈ 'అండీ'లతోనే నన్ను చంపుతోందిరా!"

"మర్యాదగానే మాట్లాడుతోంది కదమ్మా!" అన్నాడు కొడుకు అయోమయంగా. పాపం, రైస్ మిల్లు చప్పుడు తప్ప ఇంట్లో చప్పుడు ఏనాడు విన్నాడు గనుక!

సూర్యాపేట పిల్ల శ్యామల కృష్ణా జిల్లా సరిహద్దులోని కోదాడకు కాపురానికొచ్చిన ఏడాది, అరవై మూడులో, గృహప్రవేశం జరిగింది. పంక్తిలో కూర్చున్న ఆమె తల్లి చంద్రమ్మ ప్రేమకొద్దీ వియ్యపురాలిని, "వదినె, నువ్వు తిన్నవా?" అని అడిగింది. అంతే! "నువ్వా! 'మీరు' అనడం కూడా రాని మనుషులతోనా నేను వియ్యమందింది!" అని నలుగురిలో కసిరింది పార్వతమ్మ. అయినవాళ్ళను 'నువ్వు' అనడమే ఆ తల్లికి తెలిసిన మర్యాద! విస్తట్లో అన్నం వదిలేసి లేచి సూర్యాపేట బస్సెక్కింది... మళ్ళీ ఆ గడప తొక్కకుండానే కన్నుమూసింది. నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అన్నారా!

ఆనాడే శ్యామల పగబట్టింది! పోట్లాడలేదు, పనిలో వంక పెట్టనివ్వలేదు. "అలాగేనండీ", "సరేనండీ"... అంతకు మించి ఒక్క మాట లేదు! కోడలంటే ఇలా ఉండాలని ఇరుగుపొరుగు మెచ్చుకుంటుంటే, పార్వతమ్మ మాత్రం ఒక్క ఆప్యాయమైన పలకరింపు కోసం మొహం వాచిపోయింది. అది చూసినప్పుడల్లా శ్యామల కడుపు చల్లబడేది.

"ఒక్కసారి... ఒక్కసారి నన్ను నువ్వు అనవే తల్లీ!" మంచం మీద పార్వతమ్మ కళ్ళు ధారలు కట్టాయి.

ఎనిమిదేళ్ళుగా బిగబట్టిందంతా శ్యామల గుండెలో బద్దలైంది. "మా అమ్మ పాణం పోయేటప్పుడు గూడ గా 'నువ్వు' గురించే అడిగింది... 'నేనేం తప్పు మాట్లాడిన్నే బిడ్డా?' అని! ఆమెకు నేనేం జెప్పాలె? నువ్వే జెప్పు అత్తమ్మా... నువ్వే జెప్పు!"

ఆ మాట విన్న పార్వతమ్మ కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుని, "తప్పు నాదేనే... చంద్రమ్మ వదినది కాదు!" అని బావురుమంది.

శ్యామల క్షమించలేదు. అంత తేలిగ్గా ఎలా క్షమిస్తుంది! చెయ్యి మాత్రం విడిపించుకోలేదు. చాలాసేపటికి కళ్ళు తుడుచుకుని లేచి, మందు మళ్ళీ కలిపి తెచ్చి, గ్లాసు అత్త నోటికందించింది.

"జర చేదుంటది. తాగు."