ఫెర్న్ గదిలో గొంతు

ఆ ఉద్యానవనంలో అద్దాల ఇల్లుంది చూశారూ, దాని చివర ఫెర్న్ మొక్కల గది... పొద్దు గుంకాక అటు వెళ్ళకూడదని అక్కడ పనిచేసేవాళ్ళందరి మాట. ఎవరో ముసలామె పిలుస్తుందట. పేరు పెట్టి కాదు... ఊరికే, మూలుగుతూ.

వాచ్‌మన్ విన్నాడు. తోటమాలి బాబాయ్ అయితే విన్న రోజు చెప్పులు అక్కడే వదిలేసి పరిగెత్తాడట. ఆ తర్వాత పగలు కూడా ఆ గదిలో అడుగు పెడితే ఒట్టు.

ఈ గోలంతా వచ్చి డిజైనరమ్మాయి నెత్తిన పడింది. కుండీలకు కరెంటు తీగలు తగిలించి అక్కడి మొక్కల చేత మాట్లాడించింది ఆ పిల్లే మరి. ఆకు తాకితే చాలు, కుండీలోంచి చిన్నపిల్ల గొంతు కబుర్లు మొదలుపెడుతుంది. ఇదివరకు చూసీచూడనట్టు పోయే జనం ఇప్పుడు కుండీల ముందు చతికిలబడి వింటున్నారు. కానీ డైరెక్టరుగారు తేల్చి చెప్పేశారు, దెయ్యం మాట ఇంకోసారి వినబడితే తీగలన్నీ పీకించేస్తానని. ఏడాది కష్టం. ఆమెకు ఏడుపొక్కటే తక్కువ.

అందుకే ఆ సాయంత్రం గేట్లు మూశాక తనే బయల్దేరింది. బతిమాలగా బతిమాలగా బాబాయ్ గుమ్మం దాకా వచ్చాడు.

"నేనిక్కడే ఉంటా, నువ్వెళ్ళమ్మా," అన్నాడు మహా ధైర్యంగా.

లోపల చీకటి. సన్నటి దారి. ఒక్కో అడుగే వేస్తోంది... భుజానికి మెత్తగా ఏదో రాసుకుంది.

"గొంతు... ఎండిపోతోందే..."

ముసలి గొంతు. ఈడ్చి ఈడ్చి... సరిగ్గా చెవి పక్కన. అమ్మాయికి పై ప్రాణాలు పైనే పోయాయి. కాళ్ళు కదల్లేదు గనక సరిపోయింది, లేకపోతే ఆమె కూడా చెప్పులు వదిలేసేదే.

కదల్లేక నిలబడ్డందుకే బుర్ర కదిలింది. భుజానికి రాసుకున్నది ఆకే. దాని కుండీలో వేలు పెట్టి చూసింది. మట్టి రాయిలా ఉంది.

మట్టి ఆరేకొద్దీ గొంతు బొంగురుపోయేలా ఏర్పాటు చేసింది తనే! బాబాయ్ చేతి కింద ఏ కుండీ ఇంతగా ఎండింది లేదు, అందుకే ఆ గొంతు తనూ ఎన్నడూ వినలేదు. మొన్న ఆయన జ్వరంతో పడుకున్నప్పుడు మొదటిసారి ఎండింది. అది మూలిగింది, వీళ్ళు భయపడి నీళ్ళు మానేశారు. నీళ్ళు మానేసేసరికి అది ఇంకా మూలిగింది.

గబగబా నీళ్ళ డబ్బా తెచ్చి పోసింది. ముసలి గొంతు నడివయసుకు దిగింది, తర్వాత పడుచుదైంది, చివరికి చిన్నపిల్లయి కిలకిలా నవ్వి "హమ్మయ్య" అంది. విషయం విని బాబాయ్ కూడా నవ్వుకుంటూ లోపలికొచ్చాడు. అప్పుడు పక్కనుంచి, మెల్లగా —

"మరి నాకో...?"

"అదుగో, పక్క కుండీ. దీనికి గొంతు ఇంకా బాగా కుదిరిందమ్మాయ్," అని మెచ్చుకున్నాడు బాబాయ్.

ఆ కుండీకి ఆమె ఇంకా కరెంటు తీగ తగిలించనే లేదు. ఆ సంగతి చెబితే రేపటి నుంచి ఈ గదిలో నీళ్ళు పోసే నాథుడుండడు, డైరెక్టరుగారు ఊరుకోరు. నోరు మూసుకుని డబ్బా మళ్ళీ నింపింది. కుండీ అంచుదాకా పోసింది. పోసి, ఎందుకైనా మంచిదని, చాలా మర్యాదగా అడిగింది.

"చాలాండీ?"