కొర్ర పొట్లం మీద అడుగుజాడ

కురిచేడు స్టేషన్‌లో రైలు ఆగింది. కరుణాకరం దిగలేదు.

పక్కన కూర్చున్న ముసలాయన భుజం తట్టి, "సారూ, కురిచేడు వచ్చింది, దిగండి," అన్నాడు. ఇంకోసారి తట్టేసరికి కరుణాకరం తల కిటికీ ఊచల మీది నుంచి పక్కకి వాలిపోయింది. ఒళ్ళోని నీళ్ళ సీసా జారి బెంచీ కిందికి దొర్లింది. సీసాలో ఇంకా సగం నీళ్ళున్నాయి. అతని ప్రాణం తీయడానికి తాగిన సగమే సరిపోయింది.

ఆ కబురు సాయంత్రానికల్లా విజయవాడలో ఒక ట్రావెల్ ఏజెన్సీకి చేరింది. ఆ ఏజెన్సీ ఇంతవరకు ఎవరికీ ఒక్క టికెట్ అమ్మిన పాపాన పోలేదు. బోర్డు వెనక ఉన్నది 'ఎస్-నైన్' అనే నిఘా విభాగం. దాని చీఫ్ లక్ష్మీకుమారి. ఆమె ఎదుట నిలబడి ఉన్నవాడు ఏజెంట్ నతానియేలు.

"కూర్చో. కార్బన్ ఫుట్‌ప్రింట్ అంటే తెలుసా?"

"పేపర్లో చదివాను మేడమ్. గాలిని ఎంత పాడుచేశామన్న లెక్క."

"దుక్కి నుంచి దుకాణం దాకా ఒక కిలో గింజలు చేరడానికి ఎంత ఎరువు, ఎంత డీజిల్, ఎంత కరెంటు? అన్నీ కలిపి గాలిలోకి ఎంత కార్బన్ వదిలిందో చెప్పే అంకె అది. ఆ అంకెను బట్టి పొట్లం మీద పాదం బొమ్మ వేస్తారు. చిన్న పచ్చ పాదమంటే భూమికి భారం తక్కువ. పెద్ద ఎర్ర పాదమంటే ఎక్కువ. విదేశాల్లో సూపర్‌మార్కెట్‌కి వచ్చే ఇల్లాలికి వివరాలు చదివే తీరికుండదు. పాదం చూస్తుంది, బుట్టలో వేసుకుంటుంది."

"ఇందులో మనకేం పని?"

లక్ష్మీకుమారి ఒక ఫోటో ముందుకి తోసింది. బంగారు రంగు జుట్టు, నవ్వని కళ్ళు.

"లూకాస్ ఫెర్. ఆష్‌లీఫ్ ముఠా నాయకుడు. పొగగొట్టాల ఫ్యాక్టరీల్లో తయారైన తిండికి దొంగ పచ్చ పాదాలు అమ్ముతాడు. అసలైన పచ్చ పాదం పక్కన నిలబడితే తన నకిలీ బయటపడుతుంది. అందుకని నిజాయితీగా పండించేవాళ్ళ మీద ఎర్ర పాదం వేయించి తరిమేస్తాడు. ఇప్పుడు వాడి కన్ను మన కొర్రల మీద పడింది."

ఆమె లేచి గోడ మీది మ్యాప్‌లో నల్లమల అంచున వేలు పెట్టింది.

"యర్రగొండపాలెం వైపు మహిళా రైతులంతా కలిసి ఒక కంపెనీ పెట్టుకున్నారు. వాన నీటితోనే కొర్రలు పండిస్తారు. ఇంజనీరు కరుణాకరం వాళ్ళ చేలో కార్బన్ లెక్క తీసే మీటర్ పాతాడు. ఆ లెక్క నేరుగా సిగ్నల్‌లో వస్తుంది. రేపు మార్కాపురం కల్యాణ మండపంలో దాన్ని తెర మీద చూపిస్తారు. రోటర్‌డ్యామ్ కొనుగోలుదారులు లైవ్‌లో ఉంటారు. కంపెనీ అధ్యక్షురాలు శ్యామలమ్మ వేలిముద్ర వేస్తే ఆ అంకె సీల్ అవుతుంది. ఇక ఐదేళ్ళు ఎవరూ మార్చలేరు. మధ్యాహ్నం పన్నెండు కొట్టేలోపు వేలిముద్ర పడకపోతే దరఖాస్తే రద్దు."

"ఆష్‌లీఫ్ ప్లాన్?"

"అసలు సిగ్నల్‌ని మింగేసి దొంగ సిగ్నల్ పంపడం. కరుణాకరాన్ని కొనాలని చూశారు. అమ్ముడుపోలేదు. రేపు స్టేజీ మీదే అంతా బయటపెడతానని నాకు ఫోన్ చేశాడు. రైల్లోనే పోయాడు." ఆమె వేలు మార్కాపురం మీదికి జరిపింది. "ఆ దొంగ ట్రాన్స్‌మిటర్ ఎక్కడుందో పట్టుకో. మన మనిషి ఒకామె ఆష్‌లీఫ్‌లోనే ఉంది. పేరు స్వర్ణలత. సగం నమ్ము."

"మిగతా సగం?"

"తుపాకి దగ్గర పెట్టుకో."

టెక్నికల్ సెక్షన్ వాళ్ళు అతనికి ఒక పాత స్ప్రింగ్ కాటా ఇచ్చారు. చూడ్డానికి చింతపండు తూచే కాటాలాగే ఉంది. కానీ దాని ముల్లు బరువు చూపించదు. రేడియో సిగ్నల్ ఎటు నుంచి వస్తే అటు తిరుగుతుంది.

మర్నాడు పొద్దున మార్కాపురం బస్టాండులో ఒక కాటా మెకానిక్ దిగాడు. మాసిన ఖాకీ చొక్కా, గుబురు మీసం, భుజాన పనిముట్ల సంచి. పలకల లోడుతో ఒక లారీ రోడ్డు మీద దుమ్ము లేపుకుంటూ పోయింది. ఆ దుమ్ములోంచి లేత ఆకుపచ్చ పట్టుచీర, నల్ల కళ్ళద్దాలు, ఎడమ చేతికి వెడల్పాటి వెండి కంకణంతో ఒకామె నడిచి వచ్చింది. టీ కొట్టు దగ్గర నిలబడ్డ వాళ్ళందరి గ్లాసులూ గాల్లోనే ఆగిపోయాయి.

"పొదిలి బస్సు ఎన్నింటికి?" అని అడిగింది.

"బస్సు పోయింది. జీపు ఉంది."

"జీపులో గాలి లేదు."

కోడ్ సరిపోయింది. స్వర్ణలత కళ్ళద్దాలు తీయకుండానే గొంతు తగ్గించింది. "ట్రాన్స్‌మిటర్ చేలోనే పాతారు. మీటర్ పక్కన. ఇప్పుడే వెళ్తే దొరుకుతుంది." ఊరి పేరు చెప్పింది.

నతానియేలు ముఖంలో ఏమీ కదలలేదు.  అది అతను పుట్టిన ఊరు.

యర్రగొండపాలెం దాటాక జీపు మట్టిబాట పట్టింది. నల్లమల కొండల కింద కొర్ర చేలు పండి బంగారు రంగు తిరిగాయి. ఆడవాళ్ళు వరసగా వంగి కొడవళ్ళతో కంకులు కోస్తున్నారు. చేను నడుమ ఇనుప గొట్టం మీద తెల్లటి పెట్టె. అదే మీటర్.

నతానియేలు గట్టు మీద నిలబడి కాటా బయటికి తీశాడు. ముల్లు నేరుగా మీటర్ వైపు తిరిగింది. చేను చుట్టూ నడిచాడు. ముల్లు మీటర్ని వదిలి ఎటూ కదల్లేదు. ఇక్కడ ఉన్నది ఒకే సిగ్నల్, అదీ అసలుదే.

"ఎవురు బాబూ నువ్వు?" ఒకామె నడుం పట్టుకుని లేచి దగ్గరికొచ్చింది. తలగుడ్డ సర్దుకుని అతని ముఖంలోకి చూసింది. "ఏంది నాయనా, ఎవురి మీసం అది?"

నతానియేలు గతుక్కుమన్నాడు. శత్రుదేశాల గూఢచారులు పసిగట్టలేని వేషం అది. కన్నతల్లి మగ్దలీనమ్మకి ఒక్క చూపే పట్టింది.

"అమ్మా, గట్టిగా అనొద్దు."

"చెవులు మీ నాయన చెవులే. మీసం పెట్టినంత మాత్రాన యాడికి పోతాయి? ఇన్సూరెన్సు కంపెనీ వాళ్ళు నిన్ను కాటాలు బాగుచేసుకొమ్మన్నారా?"

అంతలో వెనక మోటారు సైకిల్ ఆగింది. హెల్మెట్ పెట్టుకున్న మనిషి దిగాడు. చేతిలో పిస్టల్.

"కాటా కింద పెట్టు. చేతులు పైకి."

నతానియేలు పిస్టల్ సంచి అడుగున ఉంది. అతను నెమ్మదిగా చేతులెత్తాడు. స్వర్ణలత అబద్ధం చెప్పి తనని మార్కాపురానికి దూరంగా ఎందుకు పంపిందో అప్పుడు అర్థమైంది.

"మా చేలో నిలబడి నా బిడ్డకి తుపాకి చూపిస్తావా?" అంది మగ్దలీనమ్మ. అరవలేదు, ఆగలేదు. పక్కనున్న గంపెడు పొట్టు ఎత్తి వాడి ముఖాన కొట్టింది. హెల్మెట్ అద్దం ఎత్తి ఉండడంతో పొట్టంతా కళ్ళల్లో పడింది. వాడు గుడ్డిగా పేల్చిన గుండు కొండవైపు పోయింది. నతానియేలు వాడి మణికట్టు పట్టి విరిచాడు. ఆపైన అతను చేయడానికి పనేమీ మిగల్లేదు. కొడవళ్ళు పట్టుకున్న ఆడవాళ్ళు చుట్టూ నిలబడ్డారు.

"ఎవరు పంపినారు?" అని అడిగాడు నతానియేలు.

"కళ్ళద్దాల మేడమ్," అన్నాడు వాడు, కొడవళ్ళ వంక చూస్తూ.

మోపులు కట్టే తాడుతో వాణ్ణి కట్టేశారు. నతానియేలు వాడి మోటారు సైకిలెక్కాడు.

"అన్నం తిని పో నాయనా."

"టైము లేదమ్మా."

"నీకు ఎప్పుడుండింది గనక?" అంది మగ్దలీనమ్మ. తర్వాత అతని భుజమ్మీద పొట్టు దులిపి, "నువ్వు చేసే పనేందో నేనడగను. గెలిచి రా," అంది.

అతను మార్కాపురం చేరేసరికి కల్యాణ మండపం కిటకిటలాడుతోంది. పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్ళతో కుర్చీలన్నీ నిండిపోయాయి. స్టేజీ మీద పెద్ద తెర. ఒక మూల రోటర్‌డ్యామ్ కొనుగోలుదారుల ముఖాలు చిన్న గళ్ళల్లో కనిపిస్తున్నాయి. తెర నడుమ ఎర్రటి పాదం, రెండు చేతులూ బార్లా చాచినంత పెద్దది. కింద అంకె: కిలో కొర్రలకి మూడు కిలోల తొమ్మిది వందల గ్రాముల కార్బన్.

కొనుగోలుదారుల మాటలు అనువదించే మనిషిగా మైకు పట్టుకుని స్వర్ణలత తియ్యగా అంటోంది, "సైన్స్ చెప్పింది కదండీ. మనకి నచ్చినా నచ్చకపోయినా ఒప్పుకోవాలి. శ్యామలమ్మగారూ, వేలిముద్ర వేయండి."

శ్యామలమ్మ పొడగరి. జరీ అంచు నేత చీర, మెడలో పూసల దండ. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడింది.

"నేను ఎయ్యను."

కార్బన్ రిజిస్ట్రీ అధికారి నరసింహం కంగారుగా గడియారం చూపించాడు. "అమ్మా, పన్నెండు దాటితే దరఖాస్తు రద్దయిపోతుంది. ఎర్ర పాదమైనా ఏదో ఒక పాదం ఉంటుంది కదా."

"ఏదో ఒకటి ఏందయ్యా? వాన రాని ఏడు గూడా బోరు ఎయ్యలేదు మేము. పేడ ఎరువు గంపల్తో మోసినాం. మేం నడిచిన అడుగు మాకు తెల్వదా? ఇది మా అడుగు గాదు. ఎవురిదో బూటు తెచ్చి మా కాలికి తొడుగుతుండారు."

"రూల్స్ ప్రకారం..."

"ఏలు నరికి తీసకపోండి. నేనై పెట్టను."

హాల్లో ఉన్న ఆడవాళ్ళందరూ ఒక్కసారి లేచి నిలబడ్డారు. ఎవరూ అరవలేదు. వాళ్ళు కూడా చేతులు వెనక్కి కట్టుకున్నారు. ముందు వరసలో తెల్ల కుర్తా వేసుకున్న లూకాస్ ఫెర్ నవ్వుతూ కాలు మీద కాలు వేసుకున్నాడు. అతనికి రెండు వైపులా లాభమే. వేలిముద్ర పడితే ఎర్ర పాదం, పడకపోతే రద్దు.

నతానియేలు నడవలో నిలబడి కాటా పైకెత్తాడు. ముల్లు గిర్రున తిరిగి స్టేజీ వైపు ఆగింది. రెండడుగులు పక్కకి వేశాడు. ముల్లు స్వర్ణలతని వెంబడించింది. ఆమె చెయ్యి ఊపితే ముల్లు ఊగింది.

ఎడమ చెయ్యి. వెండి కంకణం.

"కాటా మెకానిక్కి స్టేజీ మీదేం పని?" అని ఎవరో అడ్డుపడ్డారు. "మైకులో గరగర వస్తాంది, చూసిపోతా," అని మెట్లెక్కాడు. స్వర్ణలత పక్కన వంగుని వైరు సర్దుతున్నట్టు నటించాడు. అప్పుడే డొక్కలో ఏదో గుచ్చుకుంది. వెనకే మెట్లెక్కి వచ్చిన లూకాస్. చేతిలో ఫౌంటెన్ పెన్. పాళీ ఉండాల్సిన చోట సూది.

"కదిలితే కరుణాకరం దగ్గరికి వెళ్తావ్," అన్నాడు ఇంగ్లీషులో, సన్నగా.

నతానియేలు అతని వైపు చూడలేదు. స్వర్ణలతతో మెల్లగా అన్నాడు, "రైల్లో ఆ నీళ్ళ సీసా ఇచ్చింది నువ్వేనా?"

ఆమె మైకుని అరచేత్తో మూసింది. "నిద్రమందు అన్నారు. మీటింగ్ అయ్యేదాకా నిద్రపోతాడన్నారు."

"లేవలేదు."

నల్లద్దాల వెనక ఆమె కళ్ళు కనిపించలేదు.  "నేను ఎవరు గెలుస్తారో వాళ్ళ వైపు ఉంటాను, నతానియేల్. నా ఉద్యోగమే అది."

"అయితే హాలు వైపు చూడు. ఎవరు గెలిచారనిపిస్తోంది?"

ఆమె చూసింది. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డ వందల ఆడవాళ్ళు. ఒక్కరూ కూర్చోలేదు. నరసింహం మళ్ళీ గడియారం చూసి, "అమ్మా, ఒక్క నిమిషమే ఉంది," అన్నాడు. శ్యామలమ్మ తల కూడా తిప్పలేదు.

స్వర్ణలత కంకణం లాగేసి, పక్కనే అలంకారానికి నీళ్ళు నింపి పూలు వేసి పెట్టిన ఇత్తడి గంగాళంలోకి విసిరింది. అది బుడుంగుమని మునిగింది.

లూకాస్ చెయ్యి ముందుకి దూకింది. నతానియేలు పక్కకి తిరిగి కాటా కొక్కేన్ని అతని మణికట్టుకి తగిలించి లాగాడు. సూది పోడియం చెక్కలో దిగి విరిగింది. మరుక్షణం లూకాస్ స్టేజీ మీద బోర్లాపడి ఉన్నాడు, వీపు మీద నతానియేలు మోకాలు.

తెర ఒకసారి నల్లబడి వెలిగింది. ఎర్ర పాదం లేదు. దాని చోట చంటిపిల్ల పాదమంత పచ్చటి ముద్ర. కింద అంకె: నాలుగు వందల పది గ్రాములు.

"ఇదీ మాది," అంది శ్యామలమ్మ. వెనక్కి కట్టుకున్న చెయ్యి విప్పి, గడియారం ముళ్ళు కలిసేలోపు బొటనవేలు మిషన్ మీద ఒత్తింది. 'సీల్డ్' అని తెర మీద పడింది. హాలు పైకప్పు అదిరింది.

మఫ్టీలో ఉన్న ఎస్-నైన్ మనుషులు లూకాస్‌ని లేపి నడిపించుకుపోయారు. స్వర్ణలత తనే చేతులు ముందుకి చాచింది.

"చివర్లో చేసింది లెక్కలోకి వస్తుందా?"

"కరుణాకరం భార్యని అడుగు," అన్నాడు నతానియేలు.  ఆమె బేడీలు వేసుకుని మెట్లు దిగేటప్పుడు మొదటిసారి నల్లద్దాలు తీసింది.

అప్పుడు తెర మూల నుంచి రోటర్‌డ్యామ్ కొనుగోలుదారు ఒకామె ఏదో అడిగింది.  అనువదించడానికి స్వర్ణలత లేదు. అందరూ కాటా మెకానిక్ వైపు చూశారు.

"ఏమంటాంది నాయనా? మళ్ళీ ఏందన్నా లిటిగేషన్ పెడతాందా?" అంది శ్యామలమ్మ, చెయ్యి మళ్ళీ వెనక్కి పెట్టుకుంటూ.

"లేదక్కా. పాదం బాగా అర్థమైందంట. వెంటనే కొంటారంట. కానీ మనం పంపిన శాంపిల్ కొర్రలు ఎంతసేపు ఉడకబెట్టినా గట్టిగానే ఉన్నాయంట. వీటిని వండేది ఎట్లా అని అడుగుతాంది."

దేశ రహస్యం ఒక్కటైనా పెదవి దాటనివ్వని ఏజెంట్ నతానియేలు, చీఫ్ అనుమతి కోసం కూడా ఆగకుండా, ఆ మధ్యాహ్నం విదేశీయులకి ఒక రహస్యం బయటపెట్టేశాడు: కొర్రలు ముందు నానబెట్టాలి.