దుప్పటి రెండో కొస

గుడ్ ఫ్రైడే నాడు మా ఊళ్ళో ఎవరూ గుడ్డ తడపరు. ఆ రోజు ఉతికితే ఇంట్లో ఎవరికో శవంగుడ్డ ఉతికినట్టేనంటారు. కానీ వారమంతా వాన. నేను కూలికి ఉతికే సత్రం దుప్పట్లు గుట్టపడిపోయాయి. నా కూతురు ఒదీల్ తొమ్మిది రోజులుగా జ్వరంతో మంచాన ఉంది. చేసేదేముంది? ఒక్కదాన్నే లూ నదికి వెళ్ళాను.

ఒడ్డున రంగుల బొమ్మలేసే మోర్వాంగారు ఉన్నాడు. నదిని, రాళ్ళని, బురదని ఉన్నవి ఉన్నట్టే వేస్తాడాయన. నన్నూ వేస్తున్నాడని తెలిసి సిగ్గుతో తల ఎత్తలేదు.

మధ్యాహ్నం దాటేసరికి నా నడుం నాది కాదు. నీళ్ళ మీద పొగమంచు. గుడ్డలు నానేసిన బూడిదనీళ్ళ వాసన. పెద్ద దుప్పటి ఒక్కరు పిండలేరు, అందుకని రెండో కొస ఒడ్డున పాతిన మేకుకి కట్టి మెలిపెడుతున్నాను. కాసేపటికి ఆ కొస దానంతటది తిరగసాగింది... ఎవరో పట్టుకున్నారు. ఒదీలే అనుకున్నాను.

"ఎందుకొచ్చావే? జ్వరం ముదురుతుంది, పో."

పోలేదు. పిండుతూనే ఉంది. నిజం చెప్పాలంటే నా చేతులకి ప్రాణం లేచొచ్చింది. తల ఎత్తే ఓపిక కూడా లేదు.

ఆఖరి దుప్పటి అయ్యాక చూశాను. ఎవరూ లేరు.

"మా పిల్ల ఎటెళ్ళిందయ్యా?"

"ఈవిడేనా? వచ్చినప్పట్నుంచీ మొహం చూపిస్తే ఒట్టు! నీకంటే సిగ్గరి దొరికిందే," అని మోర్వాంగారు బొమ్మ నావైపు తిప్పాడు.

బొమ్మలో నాకెదురుగా ఒక ఆడమనిషి. వీపు ఇటు. శవానికి తొడిగేలాంటి తెల్లటి పొడుగు చొక్కా.

"చెరిపెయ్యండయ్యా... అది నా పిల్లని తీసుకుపోను వచ్చింది," అన్నాను గుసగుసగా.

"ఉన్నదే వేశాను. రేపు నేనేసిన మీ ఊరి పందులొచ్చి మమ్మల్నీ చెరపమంటే చెరపనా?"

ఎన్నడూ ఎవర్నీ ఏదీ అడగనిదాన్ని, బురదలో మోకాళ్ళ మీద పడ్డాను. ఆయన విసుక్కుంటూ రంగుల కత్తి తీశాడు. గర్ర్... గర్ర్... భుజం నుంచి నడుం దాకా గీకాడు, రంగు కింది నేతగుడ్డ బయటపడింది.

"వెలుగు పోయింది. మిగతాది రేపు."

ఇంటికి పరిగెత్తాను. ఒదీల్ మంచం మీద కూర్చుని సూపు తాగుతోంది! నుదురు చల్లగా ఉంది. ఏడుపొచ్చింది నాకు.

"జ్వరం పోయిందమ్మా. వీపే... ఏదోలా ఉంది. చూడు."

చెమటకి తడిసిన తెల్ల చొక్కా పైకెత్తాను.

భుజం నుంచి నడుం దాకా చర్మం లేదు. రక్తమూ లేదు. ఎండిన నేతగుడ్డ... అడ్డం పోగులు, నిలువు పోగులు.

"నొప్పి లేదమ్మా," అంది ఒదీల్. "అసలక్కడ నేనున్నట్టే లేదు."