డీజిల్‌గానికి నిద్ర పట్టాలె

"ఓ డ్రైవరుగారూ, కుక్కను బల్ల మీద పెడతారా, మీరు కూడా ఎక్కుతారా?"

కోదాడ పశువుల దవాఖానల కట్లు కట్టే కళ్యాణి నాతోని మాట్లాడిన మొదటి మాట ఇది. బయట వాన దంచుతున్నది. కుక్క నా ఖాకీ అంగీని వదుల్తలేదు, నేను కుక్కను వదుల్తలేను. ఆమె చేతిల కత్తెర, కండ్లల్ల కోపం. కోపం అంత అందంగ ఉంటదని అప్పటిదాక నాకు ఎవడూ చెప్పలేదు.

"గుద్దింది మీరేనా?"

"నేను గుద్దలేదు మేడమ్. బైపాస్ కాడ ఆగిన లారీల కింద కుంటుతుంటే తెచ్చిన. బియ్యం లోడు ఆపి తెచ్చిన. నమ్మకపోతే పోలీసులను పిలువుండ్రి."

"అబ్బో, రోషం! పేరేంటి?"

"కృపాకర్."

"మీది కాదు, దానిది."

దానికి పేరెక్కడిది? ఒళ్లంత డీజిల్ వాసన కొడుతున్నది. "డీజిల్," అన్న.

ఆమె నవ్వింది. ఇగ నా పని అయిపోయింది.

కాలికి కట్టు కట్టి వేలు చూపించుకుంట చెప్పింది. "తడవకూడదు. నేల మీద పడుకోబెట్టకూడదు, చెమ్మ పట్టుద్ది. నాలుగు రోజులకొకసారి తెచ్చి కట్టు మార్పించుకోండి."

"మా ఇంట్ల నాకున్నది ఒక్కటే మంచం మేడమ్."

"అయితే కాస్త జరిగి పడుకోండి."

నా సంగతి చెప్పాలె. నాది సూర్యాపేట. మిర్యాలగూడ మిల్లుల నుంచి బియ్యం తోలే లారీ నడుపుత. చదువు పదో తరగతి కాడ ఖతం, కొట్లాట మాత్రం ఖతం కాలేదు. డ్రైవర్లను రెండు పగళ్లు ఒక రాత్రి ఆపకుండ తోలించే ఓనర్ల మీద పోయిన ఏడు పదకొండు రోజులు ధర్నా చేయించిన. "నిద్ర మా హక్కు!" అని గొంతు పోయేదాక అరిసిన. ఆఖరికి దిగొచ్చిన్రు. రాత్రి నిద్రపోని డ్రైవర్‌కు పొద్దున బండి తాళం ఇయ్యొద్దు, అదీ రూలు. తాళాల పెట్టె మా సంఘం పెద్ద గురవయ్య కాడ ఉంటది. రోజూ పొద్దున వరుసగ నిలబడాలె, ఆయన కండ్లు చూసి తాళం ఇస్తడు.

ఆ రూలు పెట్టించిన మొనగాన్ని నేను. ఆ రూలుకు అందరికంటె ముందు దొరికిందీ నేనే.

ఎందుకంటే డీజిల్‌గాడు మంచం మీద మూడు చుట్లు తిరిగి అడ్డంగ పండిండు. వాని పొడుగు రెండడుగులు. అడ్డంగ పండితే ఆరడుగులైతది, ఎట్లనో నాకు తెల్వదు. ఒంటిగంటకు నా డొక్కల తన్నిండు. రెండింటికి చెవి నాకిండు. మూడింటికి, ఎవడూ లేడు, ఏ సప్పుడూ లేదు, లేచి మొరిగిండు.

"కుక్కను నువ్వు సాదుతున్నవా, నిన్ను కుక్క సాదుతున్నదా?" అని మా అమ్మ యాదమ్మ పక్క అర్రల నుంచి అరిసింది.

నాలుగో రోజు కోదాడల మొర పెట్టుకున్న. "నిద్ర పడ్తలేదు మేడమ్."

"నా మంచం మీద పిల్లి, దానికి మూడు కూనలు. అయినా హాయిగా ఎనిమిది గంటలు పడుకుంటా. లోపం కుక్కలో లేదు, మీలోనే ఉంది."

"నాల ఏం లోపమున్నది?"

"తెలీదు. అదే చూస్తున్నా." నిజంగనే చూసింది. కట్టు కట్టాల్సిన కాలు ఇడిసిపెట్టి నా మొకం చూసింది.

గిట్ల నెల గడిచింది. నాలుగు రోజులకొక కట్టు, నాలుగు రోజులకొక చూపు. నడుమ నాలుగు రాత్రులు డొక్కల తన్నులు. ధర్నా పాట రాయబోయి "నీ కత్తెర సప్పుడు" అని రాసి చింపేసిన. సంఘం మీటింగుల "డ్రైవర్‌కు నిద్ర కావాలె" అని మైకుల చెప్పుకుంటనే కునికిన. జనం అది యాక్షన్ అనుకుని చప్పట్లు కొట్టిన్రు.

గురవయ్య కొట్టలేదు. నెలంత మొకాన చల్లనీళ్లు కొట్టుకుని ఆయన కాడ తాళం తీసుకున్న, ఇగ దాగలేదు. తెల్లారి నా వంతు రాంగనే పెట్టె మూసిండు.

"కండ్లు నిప్పుల్లెక్క ఉన్నయి కొడుకా."

"తాగలేదు పెద్దయ్యా."

"తాగినవని అన్ననా? పండలేదంటున్న. రూలు ఎవరిది?"

"...నాదే."

"మరింకేంది? కుక్కనన్న ఇడువు, స్టీరింగన్న ఇడువు."

ఈ ముసలాయనకు ఏం తెలుసు? స్టీరింగ్ ఇడిస్తే బతుకు లేదు. కుక్కను ఇడిస్తే కోదాడ పోయే సాకు లేదు. సాకు లేకుంట ఒక ఆడపిల్ల ముందల పోయి నిలబడే ధైర్యం, పదకొండు రోజులు ఎండల కూసున్న నాకు, లేదు! ఓనర్ల కాలర్ పట్టుకోమంటే పట్టుకుంట. "నువ్వంటే ఇష్టం" అనమంటే నాలుక మడత పడ్తది.

అయినా పొట్ట ముఖ్యం. ఎప్పటిలెక్క బైకు మీద పోయే ఓపిక లేక, కుక్కను ఇచ్చేసి వద్దామని ఉపేందర్ లారీ ఎక్కిన. వాడు నాతోటి డ్రైవరు, నోరు పెద్దది. బండి కదిలిందో లేదో డీజిల్‌గాడు ఇంజిన్ మీది మూత ఎక్కి, ముడుసుకుని, రాయిలెక్క పండిండు. నెల రోజుల్ల వాడట్ల పండంగ నేను చూడలేదు. వాన్ని చూసుకుంట నేనూ ఒరిగిన. కోదాడల ఉపేందర్ నా చెంప మీద కొట్టి లేపిండు.

"గాడిదా! వీడు లారీల కింద పెరిగినోడు. ఇంజిన్ సప్పుడు లేకుంటే వానికి నిద్రెట్ల పడ్తది? మీ ఇంట్ల సప్పుడు లేకనే మొరుగుతున్నడు."

నాకు గుండెల లైటు వెలిగింది. అయినా దవాఖాన మెట్లెక్కి, అనుకున్న మాటే కక్కిన. "మేడమ్, కుక్కను మీరే ఉంచుకోండ్రి. నాకు తాళం ఇస్తలేరు."

ఆమె మొకం వాడిపోయింది. "అంటే... ఇక రారా?"

లోపలి నుంచి డాక్టరమ్మ శ్రీవాణి గొంతు. "కళ్యాణీ, ఆ కుక్కకు ఇంకా కట్టెందుకమ్మా? పుండు మానిపోయి ఇరవై రోజులైంది కదా!"

గుంజకు కట్టేసిన బర్రె కూడ నెమరేసుడు ఆపింది.

"ఇరవై రోజులా?" అన్న.

కళ్యాణి చెవులు ఎర్రబడ్డయి. ఓడిపోయే మనిషి కాదు, తిరగబడ్డది. "అవును! అబద్ధమే చెప్పా! మరి మీరు? సూర్యాపేటలో పశువుల దవాఖాన లేదా? కట్టు మార్చడానికి ఇంత దూరం ఎందుకు వచ్చారు?"

ఉన్నది. మా ఇంటికి రెండు వీధుల అవతల ఉన్నది.

"నీకోసం," అన్న. నాలుక మడత పడలేదు. "నువ్వంటే నాకిష్టం. నెల నుంచి ఈని తన్నులు అందుకే తింటున్న."

"ఇంకోసారి చెప్పండి."

"నువ్వంటే నాకిష్టం!" ధర్నా గొంతు కదా, రోడ్డు దాక ఇనపడ్డది. ఉపేందర్ లారీ హారన్ కొట్టిండు. కళ్యాణి కత్తెర తీసుకుని కట్టు కోసేసింది, నవ్వుకుంట.

"నేను కావాలంటే డీజిల్‌ను వదలకూడదు," అన్నది.

"వదల. ఈనికి ఇంజిన్ కావాలె, అంతే."

ఇంజిన్ మా అమ్మ దొరకవట్టింది. వానకాలంల అటక మీది నుంచి పాత కూలర్ దించి, నీళ్లు పొయ్యకుంట స్విచ్ ఏసింది. గడగడగడ, టెన్ టైర్ల లారీ లెక్క. డీజిల్‌గాడు నా మంచం దిగి, కూలర్ ముందల గోనెసంచి మీద పండిండు. ఆ రాత్రి నేను ఎనిమిది గంటలు పండిన. తెల్లారి గురవయ్య నా రెప్పలు లేవనెత్తి చూసి తాళం నా చేతిల పెట్టిండు.

ఇగ మిగిలింది కళ్యాణి నాయిన మల్సూర్. కోదాడ పక్కన చిలుకూరు నుంచి కళ్యాణిని ఎంటబెట్టుకుని ఆదివారం మా ఇంట్ల దిగిండు. కులం ముచ్చట, మేము చర్చికి పోయే ముచ్చట కళ్యాణి ఇంట్ల ముందే కొట్లాడి తేల్చింది. ఆయనకు ఒక్కటే భయం.

"స్టీరింగ్ మీద కునికెటోనికి పిల్లనిస్తే నాకు నిద్ర పడ్తదా బాబూ?"

"ఇప్పుడు పండుతున్న మామా."

"అప్పుడే మామనా? ఆగు. ఇయ్యాల ఈడనే ఉండి నా కండ్లతోని చూస్త."

అమ్మ కోడికూర వడ్డించింది. తిన్నడు. "ఒక్క నిమిషం నడుము వాలుస్త," అని నా మంచం మీద ఒరిగిండు. బయట వాన, లోపల కూలర్. డీజిల్‌గాడు నిద్ర మబ్బుల లేచి పోయి ఆయన కాళ్లకాడ పండిండు. నాకు పానం పోయింది. లేస్తే కుక్కను తంతడా, నన్ను తంతడా?

అయిదింటికి లేచిండు. కాళ్లకాడ కుక్కను చూసిండు. మమ్మల్ని చూసిండు.

"మూడు గంటలు పండిన్నా?" అన్నడు, కండ్ల నీళ్లొక్కటే తక్కువ. "మూడు నెల్లాయె నేను సుఖంగ పండక. మా ఇంట్ల ఆ పిల్లులు!"

నేను కళ్యాణి దిక్కు చూసిన. "పిల్లులు నీ మంచం మీద ఉంటయన్నవు?"

"నేను పడుకోగానే నాన్న మంచం ఎక్కుతాయి," అన్నది మెల్లగ.

మల్సూర్ మా అమ్మకు దండం పెట్టిండు. "వదినా, పిల్లనిస్త. నాదొక్కటే షరతు. పిల్లులను కూడ తోల్కపోవాలె. నాలుగింటినీ."

అమ్మ నెత్తి కొట్టుకుని చక్కెర తెచ్చి అందరి నోట్ల పోసింది. బస్సు ఎక్కేముందు కళ్యాణి నా చెవుల "నిద్ర మా హక్కు" అని, గిల్లి ఉరికింది.

ఆ రాత్రి డీజిల్‌గాడు కూలర్ ముందల గురకపెట్టి పండిండు. మంచమంత నాదే. తెల్లారి వరుసల నా వంతు వచ్చింది. గురవయ్య తాళం చాపిండు, నేను చెయ్యి చాపలేదు.

"నిద్రపోలేదు పెద్దయ్యా."

"మల్లా కుక్కనా?"

"కుక్క మంచిగ పండింది."

గురవయ్య నా కండ్లు చూసిండు. ఉపేందర్ నోరు పెద్దది కదా, కోదాడ ముచ్చట ఆయన దాక పోయే ఉంటది. తర్వాత తాళం పెట్టెల ఏసి, మూత మీద చెయ్యి పెట్టి, పొట్ట చెక్కలయ్యేటట్టు నవ్విండు.

"పో కొడుకా, బస్సెక్కి కోదాడ పో."